మార్చడం మాత్రమే తెలిసిన మా బావ

మా బావ ఇరవై ఆరేళ్ళు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు బాగుచేశాడని జనం అనుకుంటారు. ఆయన బాగుచేయడం నేనెప్పుడూ చూడలేదు. మార్చడం చూశాను. ఈ రెండింటికీ తేడా ఉందని తెలియకుండానే ఒక మనిషి ఉద్యోగమంతా వెళ్ళదీయగలడు అనడానికి మా బావే సాక్ష్యం.

నేను అదే వర్క్‌షాపులో స్టోరు చూసేవాణ్ణి. షెడ్డు వెనకాల పొడుగాటి గది. గోడల నిండా ఇనప అరలు, అరల నిండా అట్టపెట్టెలు. తలుపులోనే పెట్టె పట్టేంత చిన్న కిటికీ. మెకానిక్కు అక్కడికి వచ్చి పార్టు పేరు చెబితే చీటీ రాసుకుని పెట్టె అందించడం నా పని. ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది మా బావ. ఆ సంగతి నేను మర్చిపోకుండా ఆయన చాలా శ్రద్ధ తీసుకునేవాడు, ముఖ్యంగా నలుగురూ కూర్చుని భోంచేస్తున్నప్పుడు.

షాపులో ఆయన్ని అందరూ 'ప్రొఫెసర్' అనేవారు. మొదట్లో ఆయన బ్రేకులూ టైర్లూ చూసేవాడు. ఓనరు కొత్తగా కారులో లోపం చూపించే స్కానర్ కొని, అది వాడటం నేర్చుకు రమ్మని ఈయన్ని రెండు వారాల శిక్షణకి పంపాడు. వెళ్ళేటప్పుడు మెకానిక్కుగా వెళ్ళినవాడు, వచ్చేటప్పుడు ఉపన్యాసకుడిగా వచ్చాడు. సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి, చేతులు కడుక్కునే సింకు పైన తగిలించాడు. జేబులో పెన్నులు ఒకటి నుంచి నాలుగయ్యాయి. ఏ మాటైనా "ఇది మీకు అర్థం కాదు గానీ" అని మొదలుపెట్టేవాడు. ఒళ్ళు మండి ఎవరో ప్రొఫెసర్ అని పేరు పెడితే, అది బిరుదనుకుని తలూపాడు. ఎగతాళి చేసినా గౌరవమే అనుకునే మనిషిని ఇంకేం చేయగలం?

ఆయన చేసే పని ఏమిటో కొంచెం చెప్పాలి. ఆటోమేటిక్ కారులో గేర్లు మార్చేది డ్రైవరు కాదు. ఒక కంట్రోల్ బాక్సు ఉంటుంది, అదే ఆ గేర్‌బాక్సుకి మెదడు. గేర్‌బాక్సు లోపల నూనెలో మునిగి కొన్ని కరెంటు కవాటాలు ఉంటాయి. చుట్టిన రాగితీగ మధ్యలో ఒక ఇనప పుల్ల. తీగలోకి కరెంటు వస్తే పుల్ల కదులుతుంది, నూనెకి దారి తెరుచుకుంటుంది, గేరు పడుతుంది. వాటిని షాపులో అందరం సొలెనాయిడ్లు అనేవాళ్ళం. మా బావ మాత్రం కస్టమరు వింటుంటే ఇంకో పొడుగాటి పేరు వాడేవాడు, వినకపోతే 'ఆ బుడ్లు' అనేవాడు. ఎక్కడైనా లెక్క తప్పిందని కంట్రోల్ బాక్సుకి అనుమానం వస్తే, కారుని ఒకే గేరులో బిగించేస్తుంది. ఎలాగోలా ఈడ్చుకుంటూ ఇంటికి చేరాల్సిందే.

అలాంటి కారు వచ్చినప్పుడు మా బావ స్కానర్ తగిలించేవాడు. తెర మీద ఒక నంబరు, దాని పక్కన ఒక పార్టు పేరు వస్తాయి. ఆ పేరు చూసి చదివి, నా కిటికీ దగ్గరికి వచ్చి, ఆ పార్టు తీసుకెళ్ళి బిగించేవాడు. అంతే ఆయన విద్య. ఆ నంబరు నొప్పి ఎక్కడ తెలిసిందో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. రోగి కడుపు నొప్పి అన్నాడని కడుపు మార్చేసే వైద్యం ఇది. సగం సార్లు కుదిరేది. కుదిరినప్పుడు ఆ కేసు గురించి ఆరు నెలలు మాట్లాడేవాడు. కుదరకపోతే ఇంకో పార్టు మార్చేవాడు.

తీసేసిన పాత పార్టులని ఇంటికి తెచ్చుకునేవాడు. ముందు గదిలో అద్దాల బీరువా ఒకటి ఉండేది. ఎవరైనా అందులో గ్లాసులూ, బొమ్మలూ పెట్టుకుంటారు. ఈయన సొలెనాయిడ్లూ, కంట్రోల్ బాక్సులూ వరసగా పేర్చి, 'నా కేసులు' అని చుట్టాలకి చూపించేవాడు. వారానికోసారి వాటి మీద దుమ్ము తుడిచేది మా అక్క.

మా అక్క గురించి చెప్పకపోతే ఈ కథ లేదు. పెళ్ళికి ముందు ఆమె ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఏడేళ్ళు పనిచేసింది. మొదట కాయిల్స్ చుట్టింది, తర్వాత పరీక్ష బల్ల దగ్గర కూర్చుంది. రోజుకి కొన్ని వందల కాయిల్స్ మీటరు పెట్టి కొలిచి, మంచివి ఒక వైపు, చెడ్డవి ఒక వైపు పెట్టేది. పెళ్ళయ్యాక మా బావ మాన్పించేశాడు. పెద్ద మెకానిక్కు భార్య తీగలు చుట్టడమేమిటి అన్నాడు. అప్పటికి ఆయన ఇంకా టైర్లే విప్పుతున్నాడన్న సంగతి వేరే. ఆమె పని మానేసింది. మీటరు మాత్రం పారేయలేదు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఆగిపోయినా, మిక్సీ ఆగిపోయినా ఆమే చూసేది. మా బావ దాన్ని 'వంటింటి రిపేర్లు' అనేవాడు. అవి ఒక్కసారికే బాగయ్యేవన్నది ఆయన గమనించలేదు.

ఇలా ఉండగా టీచరమ్మ కారు వచ్చింది.

ఆమె మా వీధి చివర ఒక్క గదిలో డ్రైవింగ్ స్కూలు నడిపేది. యాభై దాటిన సన్నటి మనిషి. మామూలు కార్లు రెండు, ఆటోమేటిక్ ఒకటి ఉండేవి. ఎడమ కాలితో క్లచ్చు తొక్కలేని వాళ్ళకి ఆ ఆటోమేటిక్ మీద నేర్పేది. చుట్టుపక్కల అలా నేర్పేది ఆమె ఒక్కతే. ఆ రోజుల్లో ఆమె దగ్గర ఒక మాజీ లారీ డ్రైవరు నేర్చుకుంటున్నాడు. పందొమ్మిదేళ్ళు లారీ తోలినవాడు. ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద పోయింది. డ్రైవింగు ఆయనకి కొత్తగా నేర్పేదేమీ లేదు, కానీ మళ్ళీ పరీక్ష పెట్టి కొత్త లైసెన్సు ఇస్తే తప్ప బండి ముట్టుకోకూడదు. ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీ వాళ్ళు తమ ఆటోమేటిక్ వ్యాను ఇస్తామన్నారు, నెలాఖరులోగా లైసెన్సు తెస్తే. పరీక్షకి ఇంకా ఇరవై నాలుగు రోజులు ఉన్నాయి.

కారుకి వచ్చిన జబ్బు ఇది: అరగంట బాగా నడుస్తుంది, వేడెక్కాక హఠాత్తుగా ఒకే గేరులో బిగుసుకుపోతుంది. ఆపి, చల్లారనిచ్చి మళ్ళీ తీస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

మా బావ స్కానర్ తగిలించి, ఆరు సొలెనాయిడ్లూ పోయాయన్నాడు. ఆరూ ఒకేసారి ఎలా పోతాయని టీచరమ్మ అడిగింది. ఇది మీకు అర్థం కాదు గానీ, అని మొదలుపెట్టి పావుగంట చెప్పాడు. నేను ఆరు పెట్టెలు అందించాను. నూనె దించి, అడుగు పళ్ళెం విప్పి, ఆరూ మార్చి, కొత్త నూనె పోశాడు. చేతిపని శుభ్రంగా చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. విప్పడం, బిగించడం ఆయనకి బాగా వచ్చు. మధ్యలో చేయాల్సిన పనే రాదు.

కారు రెండు రోజుల్లో తిరిగొచ్చింది. ఈసారి కంట్రోల్ బాక్సు పోయిందన్నాడు. కొత్త బాక్సు బిగించాక దానికి ప్రోగ్రామ్ ఎక్కించి, ఆ కారు గేర్ల తీరు దానికి అలవాటయ్యేలా కాసేపు నడపాలి. మా బావకి ప్రాణమైన ఘట్టం అది. టీచరమ్మ నడుపుతుంటే తను పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా, ఇప్పుడు వేగంగా, ఇప్పుడు ఆపండి అని ముప్పావుగంట ఊరంతా తిప్పించాడు. దిగాక, "గేర్‌బాక్సుకి పాఠం చెప్పి వచ్చాను" అన్నాడు అందరికీ వినబడేలా. జన్మంతా డ్రైవింగు నేర్పిన ఆమె పక్కన నిలబడి అన్నాడీ మాట.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు నాలుగు రోడ్ల కూడలి మధ్యలో, లారీ డ్రైవరు స్టీరింగు దగ్గర ఉండగా, కారు మళ్ళీ బిగుసుకుపోయింది. వెనక నుంచి బస్సు హారను కొడుతుంటే, ఆయన కంగారు పడకుండా అలాగే మెల్లగా ఈడ్చుకొచ్చి పక్కకి పెట్టాడట. మర్నాడు పొద్దున ఇద్దరూ షాపుకి వచ్చారు. పరీక్షకి పదకొండు రోజులే మిగిలాయి.

మా బావ స్కానర్ చూసి మొహం ముడుచుకున్నాడు. కొత్త బాక్సులో తయారీ లోపం ఉంది, ఇంకో బాక్సు వేస్తానన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. టీచరమ్మని పక్కకి పిలిచినట్టే పిలిచి, ఆ మనిషికి వినబడేంత గొంతుతో ఇంకో కారణం కూడా చెప్పాడు.

"ఇది మీకు అర్థం కాదు గానీ, ఒంటికాలి వాళ్ళకి కాలి అంచనా ఉండదండీ. పెడలు ఎలా పడితే అలా తొక్కుతారు. దాంతో బాక్సు తికమక పడుతుంది. నేర్పేటప్పుడు మీరే కాస్త చూసుకోవాలి."

లారీ డ్రైవరు ఊతకర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"బాబూ, ఆటోమేటిక్‌లో రెండు పెడళ్ళూ తొక్కేది కుడి కాలితోనే. నాకు లేనిది ఎడమ కాలు."

మా బావ జేబులోని పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, "మొత్తం మీద ప్రభావం ఉంటుంది" అన్నాడు. తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి కంట్రోల్ బాక్సు అడిగాడు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ మాటలు నేను విన్నాను. ఒకే కారుకి ఇన్ని పార్టులు పోతున్నాయంటే వ్యవహారం ఎక్కడో తేడాగా ఉందని స్టోరులో కూర్చున్నవాడికి అందరికంటే ముందు తెలుస్తుంది. పదకొండేళ్ళుగా నాకు తెలుస్తూనే ఉంది. అయినా చీటీ రాసి పెట్టె అందించాను. మా బావ మీద నాకున్న అసహ్యంలో ఎంతో కొంత నా వాటా కూడా ఉంది. ఆయన మీద వేసుకుంటే సులువు కాబట్టి అదీ ఆయన మీదే వేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోంచేశాను. ఆయన పడుకున్నాక అక్క గిన్నెలు కడుగుతుంటే జరిగింది చెప్పాను. కాలి మాట విని ఆమె నీళ్ళు ఆపేసింది. ఆ కారువి తీసేసిన పార్టులు ఈ బీరువాలోనే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. కొత్త వరసలో, చీటీలు కూడా అతికించి ఉన్నాయి.

ఆమె చేతులు తుడుచుకుని మీటరు తెచ్చింది. ఆరు సొలెనాయిడ్లూ వంటింటి గట్టు మీద పెట్టి ఒక్కొక్కటీ కొలిచింది. ఒకే రకంవన్నీ ఒకే లెక్క చూపించాయి. "అయితే మంచివే అన్నమాట" అన్నాను.

"ఉండరా. వేడెక్కాక కదా కారు ఆగేది? చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఏం తెలుస్తుంది?"

పాత బాణలిలో నూనె పోసి స్టవ్వు మీద పెట్టింది. చేయి పెట్టలేనంత వేడయ్యాక సొలెనాయిడ్లకి తీగలు కట్టి అందులోకి దించింది. మళ్ళీ కొలిచింది. అన్నీ కొంచెం పెరిగాయి, ఒకేలాగా పెరిగాయి. ఒక్కటి కూడా తప్పు చూపించలేదు. ఆరుకి ఆరూ నిక్షేపంగా ఉన్నాయి.

తర్వాత కంట్రోల్ బాక్సు తీసింది. దాన్ని విప్పకూడదని రాసి ఉంది. చిన్న స్క్రూడ్రైవరుతో నిదానంగా మూత లేపింది. లోపల పచ్చటి పలక మీద ఎర్రటి నూనె, గేర్‌బాక్సులో పోసేదే. మూత వంచితే మూలల నుంచి గట్టు మీదికి కారింది. అప్పటికే రెండో బాక్సు కూడా బీరువాలోకి చేరింది కాబట్టి దాన్నీ విప్పింది. అందులో తక్కువగానే, కానీ తీగలు వచ్చి దూరే చోట అదే నూనె.

ఈ బాక్సు గేర్‌బాక్సులోనే ఉంటుందా అని అడిగింది. లేదు, పైన, ఇంజను వెనకాల, మూరెడు ఎత్తులో ఉంటుందని చెప్పాను. మరి నూనె అక్కడికి ఎలా వెళ్ళింది? ఆమె బాక్సు తిప్పి చూస్తూ, రెండింటినీ కలిపేది ఏమిటని అడిగింది. తీగల కట్ట, అన్నాను.

"అయితే తీగల్లోంచే ఎక్కింది. దీపం వత్తిలోకి నూనె ఎక్కట్లేదూ, అలాగే. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, లోపల సన్న పోగులుంటాయి. ఆ పోగుల మధ్య నుంచి మెల్లగా పాకుతూ పోతుంది. తీగలు గేర్‌బాక్సులోకి దూరే చోట ఏదో బిరడా ఉంటుంది చూడు, అది కారుతోంది. అక్కడ ఆపకుండా ఎన్ని బాక్సులు మార్చినా నూనె తాగించడమే."

ఏడేళ్ళు ఫ్యాన్లకి కాయిల్స్ కొలిచిన మనిషి, గేర్‌బాక్సు కంటితో చూడకుండా, వంటింట్లో నిలబడి చెప్పిన మాట ఇది. పక్క గదిలో ప్రొఫెసర్ గురక వినిపిస్తోంది.

సోమవారం నేను షాపు తెరవకముందే వెళ్ళాను. టీచరమ్మ కారు కిందికి దూరి చేయి పెట్టి తడిమాను. తీగలు లోపలికి వెళ్ళే ప్లగ్గు చుట్టూ తడిగా, జిడ్డుగా ఉంది. వేళ్ళు ఎర్రగా వచ్చాయి. మా బావ రాగానే ఆ వేళ్ళు చూపించి అక్క చెప్పింది చెప్పాను. ఆయన నవ్వాడు. నూనె కిందికి కారుతుందా, పైకి కారుతుందా అని నన్ను అడిగాడు. గురుత్వాకర్షణ ఏ క్లాసులో చెబుతారో కనుక్కో అన్నాడు. చుట్టూ ఉన్న ఇద్దరు మెకానిక్కులు నవ్వారు. వాళ్ళకీ తెలియదు, కానీ సీనియరు నవ్వినప్పుడు నవ్వడం తెలుసు. వంటింటి రిపేర్లు వంటింట్లోనే ఉంచమని మీ అక్కకి చెప్పు అని ముగించి, మూడో బాక్సు బిగించడానికి వెళ్ళాడు.

నేను అక్కకి ఫోను చేశాను. అరగంటలో అక్క వచ్చింది. తువ్వాలులో చుట్టి రెండు బాక్సులూ తెచ్చింది. మొగుడి వైపు చూడకుండా నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళింది.

మా ఓనరు చదువుకున్నవాడు కాదు, మంచివాడు కూడా కాదు, కానీ కళ్ళున్నవాడు. బాక్సు చూశాడు, నూనె వాసన చూశాడు, కారు దగ్గరికి వెళ్ళి తనే ఆ ప్లగ్గు విప్పించాడు. బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టం. దానికి రెండు రబ్బరు రింగులు, రెండూ ఎండిపోయి గట్టిపడి, ఒకదానికి పగులు కూడా. "ఇది మన దగ్గర ఉందా?" అని నన్నడిగాడు. ఉంది. కింది సొరుగులో ఏడు ఉన్నాయి. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏడే ఉన్నాయి. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మా బావ మొహం చూడదగ్గదే. మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. తర్వాత మామూలుగా అయిపోయి, "నాకూ ముందు నుంచీ అదే అనుమానం" అన్నాడు. సిగ్గుపడటానికి కూడా కాస్త యోగ్యత ఉండాలేమో.

ప్లగ్గు మార్చారు. తీగల కట్ట విప్పి, శుభ్రం చేసే మందు పట్టించి, లోపల నూనె అంతా దిగిపోయేలా రెండు రోజులు నిలువుగా వేలాడదీయమంది అక్క. దిగిందో లేదో రోజూ పొద్దున వచ్చి కాగితం ముక్క అద్ది చూసుకుంది. మూడో రోజు కాగితానికి మరక అంటలేదు. అప్పుడు కొత్త బాక్సు బిగించారు. ఆ సోమవారం నుంచి ఎనిమిదో రోజున లారీ డ్రైవరు పరీక్షకి వెళ్ళాడు.

పరీక్షలో నెగ్గాడని చెప్పడానికి టీచరమ్మా, ఆయనా కలిసి షాపుకి వచ్చారు. నా కిటికీలోంచి చూస్తున్నాను. మా బావ ముందుకొచ్చి నిలబడ్డాడు. చాలా క్లిష్టమైన కేసు అన్నాడు. రాత్రింబవళ్ళు ఆలోచించాల్సి వచ్చిందన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "దీపం వత్తిలోకి నూనె ఎక్కుతుంది చూడండి, అలాగే తీగల్లోంచి..." అని మొదలుపెట్టాడు. మా అక్క మాటలు, ఒక్క అక్షరం పోకుండా. గురుత్వాకర్షణ గురించి ఏమీ అనలేదు.

లారీ డ్రైవరు అంతా విని అడిగాడు, "మొన్న నా కాలిదే తప్పన్నారు కదండీ?"

"అది వేరే సందర్భం."

నాకు ఇన్నేళ్ళలో రాని కోపం అప్పుడొచ్చింది. అది ధైర్యం కాదు, రోత. స్టోరు తలుపు తెరుచుకుని బయటికొచ్చాను.

"కనిపెట్టింది మా అక్కండీ. ఈయన భార్య. ఈయన చేసిందల్లా మంచి పార్టులు తీసి మంచి పార్టులు వేయడం."

టీచరమ్మ మా బావ వైపు చూడను కూడా చూడలేదు. మీ అక్కగారి ఇల్లెక్కడ అని నన్నడిగింది. ఆ సాయంత్రమే ఇద్దరూ వాళ్ళింటికి వెళ్ళి ఆమెకి చెప్పాల్సింది చెప్పి వచ్చారు. మా బావ నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. నా ఉద్యోగంలో అంత హాయిగా గడిచిన నెలలు ఇంకెప్పుడూ లేవు.

ఓనరు అక్కని పనిలోకి రమ్మన్నాడు. మా బావ అడ్డం పడ్డాడు. పరువన్నాడు, మొగుడూ పెళ్ళాలు ఒకే చోట పనిచేస్తే జనం నవ్వుతారన్నాడు. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే జవాబిచ్చిందట.

"నవ్వనివ్వండి. ఇన్నాళ్ళూ ఒక్కరినే చూసి నవ్వుతున్నారు."

ఆమెకి నా స్టోరు పక్కనే బల్ల వేశారు. తీసేసిన ప్రతి పార్టూ ముందు ఆ బల్ల మీదికి రావాలి, ఆమె కొలిచి చెడ్డదని సంతకం పెడితేనే నేను కొత్తది ఇవ్వాలి అని ఓనరు నియమం పెట్టాడు. మొదటి నెల మెకానిక్కులు సణిగారు. రెండో నెలకి స్టోరులోంచి బయటికి వెళ్ళే పార్టులు సగానికి తగ్గాయి, బాగుచేసిన కార్లు తిరిగి రావడం దాదాపు ఆగిపోయింది. మూడో నెలకి ఇతర షాపుల వాళ్ళు పార్టులు సంచుల్లో వేసుకుని ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

మా బావకి శాస్తి జరిగిందని మీరు అనుకుంటే పొరపాటు. అలాంటి వాళ్ళకి జరగదు. ఆయన్ని గేర్‌బాక్సుల నుంచి తప్పించి ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. కస్టమర్లతో మాట్లాడటం ఆయన పని. అక్కడ వెలిగిపోయాడు. చల్లటి గది, తిరిగే కుర్చీ, వినక తప్పని జనం. ఏ కారుకి ఏమైందో లోపల అక్క చీటీ మీద రెండు మాటలు రాసి పంపితే, ఈయన దాన్ని ఇరవై నిమిషాలు చేసి చెప్పేవాడు. జనానికి ఆయనంటే నమ్మకం కుదిరింది. కొందరు ఆయన కోసమే వచ్చేవాళ్ళు. ఓనరు రెండుసార్లు జీతం పెంచాడు. ఏమీ తెలియనివాడికి తగిన చోటు దొరికితే ఇంత బాగా రాణిస్తాడని నేను అనుకోలేదు. అది చూసి ఇంకాస్త అసహ్యం వేసింది.

పోయిన ఏడాది రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నలభై నిమిషాలు మాట్లాడాడు. కొత్తగా చేరినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. అక్క రావడానికి వీలు పడలేదు, లోపల ఒక బస్సు గేర్‌బాక్సు విప్పి ఉంది.

ఒకసారి ఆమెని అడిగాను, ఇన్నేళ్ళు ఎలా భరించావని. ఆమె అప్పుడు ఒక ప్లగ్గు పళ్ళ మధ్య మసి తుడుస్తోంది.

"ఆయనకి భయంరా. శిక్షణకి వెళ్ళి వచ్చిన రోజు రాత్రంతా పడుకోలేదు. ఏమీ అర్థం కాలేదు, చెబితే తీసేస్తారు అని ఏడ్చాడు. అప్పటి నుంచీ ఆ భయమే మాట్లాడుతోంది."

ఈ మాట ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను చాలా రోజులు ఆలోచించాను. జాలి పడదామని ప్రయత్నించాను. భయపడే మనుషుల్ని చాలామందిని చూశాను, అందులో నేనూ ఒకణ్ణి. కిటికీ వెనక పదకొండేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నది భయంతోనే. కానీ భయం వేసిన ప్రతివాడూ కాలు పోయిన మనిషి మీదికి తప్పు నెట్టడు, పెళ్ళాం మాటలు ఎత్తుకెళ్ళి నలుగురిలో తనవిగా చెప్పుకోడు. అక్కతో ఆ మాటే అన్నాను. ఆమె ప్లగ్గు వెలుతురుకి ఎత్తి చూసి, తర్వాతి పార్టు ఇవ్వమంది.

ఇప్పుడు ఆమె పొద్దున ఎనిమిదిన్నరకి పనికి వెళుతుంది. మా బావ ఇంట్లో ఉంటాడు. ఆదివారాలు మా ఇంటికొచ్చి, మా వాషింగ్ మెషీన్ ఎందుకు చప్పుడు చేస్తుందో నాకు వివరిస్తాడు. నేను టీ ఇచ్చి వింటాను. ఆయన వెళ్ళాక అక్కకి ఫోను చేస్తాను.